కాలేజీ పిల్లల డిప్రెషన్: గుర్తుపట్టుడు, డాక్టర్ దగ్గరికి పోవుడు, మళ్ళ రాకుండ చూసుకునుడు

"అన్నా, నాకు డిప్రెషనా, లేకపోతే ఒట్టి బద్ధకమా?" సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన వారంల ఈ ప్రశ్న మస్తు మంది అడుగుతరు. హనుమకొండల నయీంనగర్, కిషన్‌పుర రూములల్ల ఉండే ఇంజనీరింగ్ పిల్లలు, కేయూ (కాకతీయ యూనివర్సిటీ)ల పీజీ చేసేటోళ్ళు, గ్రూప్స్‌కు కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అయ్యేటోళ్ళు, అందరి ప్రశ్న అదే. నేను డాక్టర్ను కాదు, పాఠాలు చెప్పేటోణ్ణి, గని ఏది ముందు చేయాలె ఏది తర్వాత చేయాలె అన్నది చెప్పేటోళ్ళు లేక పిల్లలు ఆగమైతున్నరు, అందుకే వరుసగ రాస్తున్న.

ఒక్కటి ముందే చెప్త. "ఎగ్జామ్స్ అయినంక చూసుకుందాం" అనే మాటనే ఇందుల అన్నిటికన్న ఎక్కువ నష్టం చేసేది. ఎగ్జామ్స్ అయినంక రిజల్ట్స్ ఉంటయ్, రిజల్ట్స్ అయినంక సప్లీ ఉంటది, ఆ టైం ఎన్నడూ రాదు. కింద చెప్పేవన్నీ సెమిస్టర్ నడుస్తుండంగనే చేయాల్సినవి.

## 0. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మొత్తం చదవకండి, ఇక్కడ ఆగండి

- 14416 కు ఫోన్ చేయండి. ఇది టెలి మానస్, 2022 అక్టోబర్ల మొదలైన సర్కారు హెల్ప్‌లైన్, ఫ్రీ, 24 గంటలు, తెలుగుల మాట్లాడుతరు. పేరు చెప్పాలనిపించకపోతే చెప్పక్కర్లేదు.
- ఒక్కరే ఉండకండి. పక్క రూం వాణ్ణి లేపండి, రాత్రి రెండైనా సరే.
- ఏమన్న తిన్నరు, తాగిన్రు, గాయం చేసుకున్నరు అంటే 108. వరంగల్‌ల అయితే ఎంజీఎం (సర్కారు పెద్ద దవాఖాన) క్యాజువాలిటీ రాత్రింబవళ్ళు ఉంటది.
- ఇంటికాడ పొలం మందులు, ఎక్కువ మాత్రలు ఉంటే పెద్దోళ్ళు తాళం ఏసి పెట్టాలె, లేకపోతే వేరే ఇంట్ల పెట్టాలె. మన దిక్కు వ్యవసాయం ఇండ్లే ఎక్కువ కాబట్టి ఇది తప్పనిసరి, "మావోడు అసొంటోడు కాదు" అనుకొని వదిలేయకండి.

పోలీస్ కేసు అయితదని భయపడి దవాఖానకు లేట్‌గ తీస్కపోతరు మనోళ్ళు, అది వద్దు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిల ఉన్నట్టు భావించాలె, శిక్ష వేయొద్దు. కాగితం పని దవాఖానోళ్ళు చూసుకుంటరు, మీరు టైం పోగొట్టకండి.

## 1. బద్ధకమా, బాధనా, డిప్రెషనా: ముందు తేల్చుకోండి

బాధకు ఒక కారణం ఉంటది, దోస్తులతోని గంట కూసుంటే కొంచెం దిగుతది. బద్ధకం ఉన్నోడు చదువు ఎగ్గొట్టి క్రికెట్ ఆడుతడు, ఆటల మస్తు ఖుషీగ ఉంటడు. డిప్రెషన్ల ఆ క్రికెట్ కూడ బుద్ధి కాదు. తేడా అక్కడ దొరుకుతది.

డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల లిస్టు ఉన్నది. పోయిన రెండు వారాలు గుర్తు తెచ్చుకొని కింది వాటికి మార్కులు ఏసుకోండి. అస్సలు లేదు అంటే 0, కొన్ని రోజులు 1, సగం కన్న ఎక్కువ రోజులు 2, దాదాపు రోజూ 3.

- ఏ పని మీద ఆసక్తి లేకపోవుడు
- మనసు దిగులుగ, ఇగ ఏం లాభం లేదన్నట్టు ఉండుడు
- నిద్ర పట్టకపోవుడు, లేకపోతే మరీ ఎక్కువ పడుకునుడు
- ఒంట్ల సత్తువ లేకపోవుడు
- ఆకలి తగ్గుడు, లేకపోతే మరీ ఎక్కువ తినుడు
- "నేను దేనికీ పనికిరాను, ఇంటోళ్ళ పరువు తీసిన" అనిపించుడు
- ధ్యాస నిలవకపోవుడు, ఒకటే పేజీ పదిసార్లు చదువుడు
- పక్కోళ్ళు గుర్తుపట్టేటంత నిమ్మళంగ మాట్లాడుడు, నడుసుడు, లేకపోతే ఒక్క దగ్గర నిలవలేకపోవుడు
- చచ్చిపోతే మంచిగుండు అనే ఆలోచన, తనను తాను గాయపరుచుకోవాలనిపించుడు

మొత్తం 27 మార్కులు. 5 వచ్చినా, దాటినా కొంచెం ఉన్నట్టు, ఒక వారం ఆగి మళ్ళ చూసుకోండి, సెక్షన్ 5 ఇయ్యాల్నే మొదలుపెట్టండి. 10 వచ్చినా, దాటినా డాక్టర్‌కు చూపించుకోవాలె. 20 వచ్చినా, దాటినా ఈ వారంలనే. చివరి ప్రశ్నకు 1 వచ్చినా, మొత్తం ఎంతొచ్చినా సరే, పైన 0 నంబర్ సెక్షన్‌కు పోండి. ఈ లిస్టు రోగం ఖాయం చేయదు, డాక్టర్ దగ్గరికి పోవాల్నా వద్దా అన్నది చెప్తది, అంతే.

ఇక్కడ మనోళ్ళు చేసే తప్పు ఒకటున్నది. మనసు బాగలేదని ఎవ్వరూ అనరు, తలకాయ నొస్తుంది, గ్యాస్, గుండె దడ, ఒళ్ళు నొప్పులు అంటరు. ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైన్ బాటిల్, బీకాంప్లెక్స్ సూది, తర్వాత స్కానింగ్ సెంటర్ల పైసలు, అన్ని రిపోర్టులు నార్మల్, మళ్ళ అదే దడ. రిపోర్టులు నార్మల్ వచ్చినయ్ అంటే ఉత్తగనే నాటకం అని కాదు, మనసు డాక్టర్ దగ్గరికి పోవాలె అని.

## 2. డాక్టర్ దగ్గరికి పోకముందు చేతుల ఉండాల్సిన కాగితం

నోట్‌బుక్కుల ఒక పేజీ చాలు. ఓపీల డాక్టర్‌కు టైం తక్కువ, మీకు నోరు పెగలదు, అప్పుడు ఈ పేజీనే మాట్లాడుతది.

- ఎన్నటి సంది (నెల, పండుగ, ఎగ్జామ్, ఏదో ఒక గుర్తు)
- ఏ టైంకు పండుకుంటున్నరు, ఎన్నింటికి మెలకువ వస్తుంది
- తిండి, బరువు, ఆడపిల్లలైతే పీరియడ్స్ సంగతి
- ఇప్పుడు వాడుతున్న మందులు, తాగుడు, గంజాయి, ఏదైనా దాచకుండ
- ఇంట్ల ఎవలికన్న ఇసొంటిది ఉండెనా
- ఎప్పుడన్న కొన్ని రోజులు నిద్ర లేకున్నా అలుపు లేకుండ, విపరీతమైన హుషారుగ, పైసలు ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టుకుంట ఉన్నరా

ఆఖరిది చాలామంది చెప్పరు, ఎందుకంటే అది రోగమని అనుకోరు. అది బైపోలార్ (కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు దిగులు వచ్చే రోగం) కావచ్చు, దానికి ఇచ్చే మందులు వేరే, ఒట్టి డిప్రెషన్ మాత్ర ఇస్తే హుషారు మళ్ళ ఎగబాకొచ్చు. అందుకే తప్పకుండ చెప్పండి.

## 3. ఒక్క మనిషికి చెప్పుడు

అందరికీ చెప్పక్కర్లేదు, స్టేటస్ పెట్టక్కర్లేదు. ఒక్కరు చాలు. ఇంట్ల చెప్తరా, దోస్తుకు చెప్తరా, సార్‌కు చెప్తరా అన్నది ఎవరు తిట్టకుండ వింటరో దాన్ని బట్టి.

ఇంటికి ఫోన్ చేసి "నాకు డిప్రెషన్" అంటే బాపుకు అర్థం కాదు, భయపడుతడు, లేకపోతే "గవన్ని పట్నం రోగాలు" అంటడు. ఒంటికి సంబంధించినవి ముందు చెప్పండి. ఇట్ల:

"బాపూ, నెల సంది నాకు నిద్ర పడ్తలేదు. తిండి పోతలేదు. చదివింది ఎక్కుతలేదు. డాక్టర్‌కు చూపించుకుంట."

"ఏమైంది బిడ్డా, ఎవలన్న ఏమన్న అన్నరా? పైసలు కావాల్నా?"

"పైసలు వద్దు, సర్కారు దవాఖానకే పోత. నువ్వన్న రా, అమ్మనన్న పంపు, ఒక్కదాన్నే పోబుద్ధి కాట్లేదు."

చూసిన్రా, ఇందుల డిప్రెషన్ అనే మాటనే లేదు, అడగాల్సింది అడిగింది. తోడు రమ్మని అడుగుడు మంచిగ పనిచేస్తది, ఎందుకంటే తల్లిదండ్రులకు చేయడానికి ఒక పని దొరుకుతది, పని దొరికితే తిట్టుడు తగ్గుతది.

గాలి సోకింది, దిష్టి తాకింది, తాయత్తు కట్టిద్దాం అంటే కొట్లాడకండి. వేములవాడ పోదామంటే పోయి రండి, మేడారం మొక్కు మొక్కుతమంటే మొక్కనియ్యండి, గని డాక్టర్ దగ్గరికి పోయే రోజు మాత్రం మార్చకండి. కొట్టుడు, పొగ పెట్టుడు, గొలుసులు అనేకాడికి పోతే మాత్రం ఎవలు చెప్పినా ఒప్పుకోవద్దు.

## 4. డాక్టర్ ఎవలు, ఎక్కడ, ఎట్ల

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తడు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయడు, మాటలతోని థెరపీ చేస్తడు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలె, అడిగి తెలుసుకోండి, అడిగితే తప్పు కాదు. ఒట్టి "కౌన్సెలర్" అని బోర్డు పెట్టుకొని ప్యాకేజీలు అమ్మేటోళ్ళ దగ్గర జాగ్రత్త.

వరంగల్, హనుమకొండ, పరకాల, నర్సంపేట, ములుగు, జనగాం దిక్కున్నోళ్ళకు ఎంజీఎం ఉన్నది. ఆదిలాబాద్ దిక్కు రిమ్స్, ఇంక నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాలల సర్కారు మెడికల్ కాలేజీల దవాఖానలు. మెడికల్ కాలేజీ దవాఖాన అంటే సైకియాట్రీ విభాగం ఉంటది. దగ్గర్ల ఏది ఉన్నదో తెల్వకపోతే 14416 కే అడగండి.

సర్కారు దవాఖానకు పోయే రోజు:

- పొద్దుగాల్నే పోండి, ఓపీ మధ్యాహ్నం దాకనే అనుకోండి
- ఆధార్, ఫోన్, నీళ్ళ బాటిల్, ఆ ఒక పేజీ కాగితం
- చీటీ రాసేకాడ "సైకియాట్రీ ఓపీ" అని చెప్పండి. వెనకోళ్ళు వింటరని సిగ్గుపడి "జ్వరం" అని చెప్తే జనరల్ ఓపీ లైన్ల నిలబడి, ఆ డాక్టర్ మళ్ళ ఇక్కడికే పంపి, రోజంతా పోతది
- లోపలికి పోయినంక మొదటి మాటనే అసలు మాట అయ్యేటట్టు చూడండి. నిద్ర గురించి పది నిమిషాలు చెప్పి, లేచి తలుపు దాక పోయి "ఇంకోటి సార్, చచ్చిపోబుద్ధి అయితది" అనేటోళ్ళు చాలమంది ఉంటరు
- థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 టెస్టులు రాస్తరా అని అడగండి, ఇవి తక్కువెక్కువ ఉన్నా అచ్చం డిప్రెషన్ లెక్కనే ఉంటది

కాలేజీకి తెలుస్తదా అన్న భయం చాలమందికి. తెల్వదు. మీ చికిత్స సంగతి గోప్యంగ ఉంచాలె అని 2017 చట్టంలనే ఉన్నది.

మరి కాలేజీల కౌన్సెలర్ ఉండడా? ఉండాలె. 100 మంది, అంతకన్న ఎక్కువ స్టూడెంట్స్ ఉన్న సంస్థలు కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌ను గని సైకాలజిస్ట్‌ను గని పెట్టుకోవాలె అని సుప్రీంకోర్టు 2025 జులైల చెప్పింది. చాలా కాలేజీల ఇంగ్లిష్ మేడమ్‌నో పీఈటీ సార్‌నో కౌన్సెలర్ అని కాగితం మీద రాస్తరు, అది వేరే కథ. మీ కాలేజీల నిజంగ ఉంటే వాడుకోండి, లేకపోతే నలుగురు కలిసి ప్రిన్సిపాల్‌కు రాసి ఇయ్యండి.

### మందులు మొదలైతే

డిప్రెషన్ మాత్రలు పొద్దున ఏసుకుంటే సాయంత్రానికి పనిచేసేటియి కావు. 2 నుంచి 4 వారాలు పడ్తది కొంచెం తేడా తెల్వడానికి, పూర్తిగ తెల్వాలంటే 6 నుంచి 8 వారాలు. మొదటి వారం కడుపుల తిప్పుడు, తలనొప్పి, నిద్ర తేడా ఉండొచ్చు, ఎక్కువ శాతం తగ్గిపోతయ్. ఇక్కడనే మస్తు మంది ఆపేస్తరు, "మాత్ర పడ్తలేదు" అని. ఆపకండి, డాక్టర్‌కు చెప్పండి, డోస్ మారుస్తరు.

25 ఏండ్ల లోపు వాళ్ళకు మొదటి కొన్ని వారాలల్ల, డోస్ మార్చినప్పుడు, కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. అందుకే ఆ రోజులల్ల ఎవలో ఒకలు రోజూ మాట్లాడుతుండాలె, తేడా కనబడితే వెంటనే డాక్టర్‌కు ఫోన్.

మంచిగైనంక కూడ కనీసం 6 నెలలు వాడమంటరు, తర్వాత మెల్లమెల్లగ తగ్గిస్తరు. ఒక్కసారిగ ఆపితే తల తిరుగుడు, కరెంట్ కొట్టినట్టు అనిపించుడు, చిరాకు ఉంటయ్. ఇవి అలవాటయ్యే మత్తు మాత్రలు కావు. అలవాటయ్యేటియి వేరే, మెడికల్ షాపుల చీటీ లేకుండ తెచ్చుకునే అల్ప్రాజోలం అసొంటి నిద్ర మాత్రలు, వాటి జోలికి సొంతంగ పోకండి. సర్కారు దవాఖానల మందులు ఫ్రీ, బయట కొనాలంటే జన ఔషధి షాపుల్ల చాన తక్కువ.

## 5. రోజు గాడిల పెట్టుడు

మూడ్ వస్తే చేద్దాం అనుకుంటే డిప్రెషన్ల మూడ్ రాదు. పని ముందు, మూడ్ తర్వాత. థెరపీల ఇదే చేపిస్తరు, చిన్న చిన్న పనులు టైం పెట్టుకొని చేసుడు.

మన పిల్లలకు ఇది కష్టం కావడానికి ఒక కారణం నాకు తోస్తది. ఇంటర్‌ల పొద్దున అయిదింటికి లేపి రాత్రి పది దాక స్టడీ అవర్స్ల కూసోపెట్టిన్రు, రెండేండ్లు సొంతంగ ఒక్క గంట కూడ ప్లాన్ చేసుకోలే. బీటెక్‌ల ఒక్కసారిగ విడిచిపెట్టిన్రు. తెలుగు మీడియం, గురుకులం నుంచి వచ్చినోళ్ళకు దీని మీద ఇంగ్లిష్ లెక్చర్ ఒకటి. తెలివి తక్కువై కాదు, రోజును నడుపుకునే అలవాటు ఎవ్వరూ నేర్పలే.

మొదటి వారం ఇవి మాత్రమే:

- ఎన్నింటికి పండుకున్నా లేచే టైం ఒక్కటే, ఏడు అంటే ఏడు
- లేచిన గంటలోపు బయట వెలుతురుల 20 నిమిషాల నడక. వడ్డెపల్లి చెరువు కట్ట, భద్రకాళి బండ్, జేఎన్ఎస్ స్టేడియం, ఏది దగ్గరైతే అది. ఊర్ల ఉంటే పొలం గట్టు
- మెస్‌ల కూసొని రెండు పూటలన్న తినుడు, రూంకు పార్శిల్ తెచ్చుకోకుండ
- స్నానం, ఉతికిన బట్టలు
- ఒక్క మనిషితోని పది నిమిషాల మాట, ఫోన్‌లైనా సరే

చదువు ఇందుల లేదు, కావాల్నే పెట్టలే. రెండో వారం 25 నిమిషాల చదువు ఒకసారి, మూడో వారం రెండు సార్లు. ఒక రోజు తప్పితే తప్పింది, తెల్లారి మళ్ళ అక్కడ్నుంచే, మొదటికి పోవద్దు.

రాత్రి పదకొండు తర్వాత ఫోన్ చార్జింగ్ మంచానికి దూరంగ పెట్టండి. రీల్స్ చూసుకుంట రెండు చేసి, "అందరు హైదరాబాద్‌ల సెటిలైన్రు నేనొక్కన్నే ఇక్కడ" అనుకునుడు ఆ టైంల్నే ఎక్కువ. బీరు తాగితే నిద్ర వస్తది అంటరు, వచ్చినా మధ్య రాత్రి మెలకువ వస్తది, తెల్లారి మనసు ఇంక కిందికి పోతది, మాత్రలు వాడుతుంటే అసలే వద్దు.

## 6. మనసును తింటున్న అసలు లెక్కలు తేల్చుకోండి

నడక, నిద్ర సరే, గని కింద అప్పు ఉంటే, డిటెన్షన్ (పై ఇయర్‌కు పోనియ్యకుండ ఆపుడు) భయం ఉంటే అవి తేలకుండ మనసు తేలదు.

బ్యాక్‌లాగ్స్, అటెండెన్స్: మార్క్స్ మెమోలు ముందర పెట్టుకొని ఎన్ని సబ్జెక్టులు, ఎన్ని క్రెడిట్స్, తర్వాతి ఇయర్‌కు పోవడానికి ఎన్ని కావాలె అని ఒక్క కాగితం మీద రాయండి. ఊహల పదమూడు ఉన్నట్టు అనిపించేటియి కాగితం మీద ఆరు ఉండొచ్చు. అటెండెన్స్ 75 శాతం, 65 దాక మెడికల్ సర్టిఫికెట్ మీద కండోనేషన్ (తక్కువైన అటెండెన్స్ మాఫీ) అని చాలా కాలేజీలల్ల ఉంటది, మీ రెగ్యులేషన్ చూసుకోండి, డాక్టర్ చీటీలు అన్నీ ఫైల్ల పెట్టుకోండి. చీటీ మీద రోగం పేరు వద్దనుకుంటే, మెడికల్ లీవ్ అని మాత్రమే రాయమని డాక్టర్‌ను అడగొచ్చు.

పైసలు: ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపుడు మన దగ్గర తెలిసిన ముచ్చటే. అది మీ తప్పు కాదు, ఒక్కరే కొట్లాడకండి, క్లాసోళ్ళంత కలిసి పోండి. లోన్ యాప్, బెట్టింగ్ యాప్ అప్పులు ఉంటే మాత్రం ఇంట్ల చెప్పాల్సిందే. ఫోటోలు మార్ఫింగ్ చేసి కాంటాక్ట్స్‌కు పంపుతమని బెదిరిస్తే స్క్రీన్‌షాట్స్ తీసి సైబర్ క్రైం హెల్ప్‌లైన్ 1930 కు ఫోన్ చేయండి, ఇంకో యాప్ల అప్పు తీసి ఇది కట్టకండి.

ర్యాగింగ్: యూజీసీ నంబర్ 1800-180-5522, 24 గంటలు.

## 7. రూంమేట్‌కు ఇట్లున్నదని అనుమానం వస్తే

"పాజిటివ్‌గ ఉండురా", "నీకేం తక్కువ" అనే మాటలు పనిచేయయ్, వాడు ఇంక ముడుచుకుంటడు. కనబడ్డది చెప్పండి: "మూడు రోజుల సంది మెస్‌కు వస్తలేవు, ఏందిరా కథ?" అని. తర్వాత ఊకోండి, వాడు చెప్పేదాక. మౌనం ఇబ్బందిగనే ఉంటది, ఉండనియ్యండి.

అనుమానం గట్టిగ ఉంటే సూటిగ అడగండి, "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నోనికి చెప్పుకునే దారి దొరుకుతది. అవును అంటే రాత్రి ఒంటరిగ పడుకోనియ్యకండి, ఇంటోళ్ళకు చెప్పండి, 14416 కు మీరు కూడ ఫోన్ చేయొచ్చు. "ఎవ్వలికి చెప్పనని ఒట్టేయ్" అంటే ఈ ఒక్క విషయంల ఒట్టు వేయకండి.

ఉన్నట్టుండి సామాన్లు పంచుడు, అందరికీ సారీ మెసేజ్‌లు, చాన రోజులు దిగులుగ ఉన్నోడు ఒక్కసారిగ ప్రశాంతంగ అయిపోవుడు, ఇవి మంచి గుర్తులు కావు.

ఓపీకి తోడుపోయే పని మీరు తీసుకోండి. ఆటోల ఎక్కించి, లైన్ల నిలబడి, బయటికొచ్చినంక చాయ్ తాపితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

## 8. మంచిగైనంక, మళ్ళ రాకుండ

ఒకసారి వచ్చినోళ్ళకు మళ్ళ వచ్చే అవకాశం ఎక్కువ, దీన్ని దాచి లాభం లేదు. మంచిగున్న రోజులల్లనే ఒక పేజీ రాసి పెట్టుకోండి:

- నాకు మొదలయ్యేటప్పుడు ముందుగ కనబడే మూడు గుర్తులు (ఒకనికి గడ్డం పెరుగుడు, ఒకామెకు అమ్మ ఫోన్ ఎత్తబుద్ధి కాకపోవుడు, ఎవలివి వాళ్ళకే తెలుస్తయ్)
- అవి వారం దాటితే నేను ఫోన్ చేసే మనిషి
- డాక్టర్ పేరు, వాడిన మాత్ర, డోస్
- రిజల్ట్స్, మిడ్స్, ప్లేస్‌మెంట్స్, నోటిఫికేషన్ వాయిదా పడే టైములల్ల నేను ముందుగాల్నే చేసే ఏర్పాటు

ఆఖరిదానికి ఉదాహరణ: రిజల్ట్ వచ్చే రోజు ఒక్కరే రూంల కూసొని సర్వర్ రీఫ్రెష్ కొట్టకండి, ముగ్గురు కలిసి చూసుకోండి, ఇంట్ల "రెండు పోవచ్చు" అని ముందే చెప్పి పెట్టండి. నోటిఫికేషన్ కోసం ఏండ్లకేండ్లు రూంల ఉండేటోళ్ళు వారానికి కొన్ని గంటలన్న ట్యూషనో పార్ట్‌టైమో పెట్టుకోండి, చేతుల రూపాయి, మాట్లాడే మనుషులు రెండూ ఉంటయ్.

ఆ పేజీ ఫోటో తీసి సెక్షన్ 3ల మీరు చెప్పుకున్న ఆ ఒక్క మనిషికి పంపండి. మొదలయ్యేటప్పుడు మీకు తెల్వకముందే వాళ్ళకు తెలుస్తది, ఫోన్ చేసి "ఏంది, గడ్డం పెంచుతున్నవట?" అని అడిగే హక్కు వాళ్ళకు ముందే ఇచ్చి పెట్టండి.